లఫ్రోయిగ్‌లో డెట్టాల్ వాసన: బాటిల్ పాడైందా, తాగే పద్ధతి వేరా?

నమస్తే అండి. మీరు అడిగింది ఇదీ: మీ బావగారు లండన్ నుంచి వస్తూ డ్యూటీ ఫ్రీలో లఫ్రోయిగ్ అనే స్కాచ్ విస్కీ, 10 ఏళ్ళ బాటిల్ తెచ్చారు. నలుగురూ కూర్చుని అలవాటు ప్రకారం ఐస్, సోడా పోసుకున్నారు. గ్లాసు నోటి దగ్గరికి తేగానే డెట్టాల్ వాసన, నోట్లో మాడిన కట్టె రుచి. ఒకరు పాడైందన్నారు, ఇంకొకరు నకిలీ సరుకన్నారు. ముప్పావు బాటిల్ అలాగే మిగిలింది. పారబొయ్యాలా, లేక దీన్ని తాగే పద్ధతి వేరే ఉందా అని.

పారబొయ్యకండి. బాటిల్ పాడవలేదు. ఆ వాసన దాని సొంత వాసనే. ఐస్, సోడా పక్కన పెట్టండి. మూతి సన్నగా ఉన్న గ్లాసులో 25-30 మి.లీ. పోసి, పది నిమిషాలు వాసన మాత్రమే చూడండి. తర్వాత ఒక టీ చెంచా మంచినీళ్ళు కలిపి, గుటకకి చెంచాడు మించకుండా తాగండి. పొగ వెనకాల ఇంకో విస్కీ ఉంది. ముక్కు పొగకి అలవాటు పడ్డాక అది బయటికి వస్తుంది. మీరు మొన్న తలుపు దగ్గరే ఆగిపోయారు, అంతే.

నేను గ్లాస్గోలో పన్నెండేళ్ళుగా విస్కీ బార్‌లో పనిచేస్తున్నాను. వారానికి రెండు సాయంత్రాలు టేస్టింగ్ నడుపుతాను. సొంతూరు తెనాలి దగ్గర పల్లె. మన వాళ్ళు స్కాట్లండ్ చూడ్డానికి వచ్చినప్పుడు చాలామంది నా ముందు కూర్చుని సరిగ్గా మీరన్న మాటే అన్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ ఆసుపత్రి వాసన సంగతి చూద్దాం.

మన ఇళ్ళలో రాగి మాల్ట్ తెలుసు కదా. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పడతాం. విస్కీకి బార్లీని కూడా అలాగే మొలకెత్తిస్తారు. మొలక రాగానే ఆపాలి, లేకపోతే గింజలోని తీపంతా మొక్కే తినేస్తుంది. ఆపాలంటే ఆరబెట్టాలి. మనకి ఎండ ఉంది. లఫ్రోయిగ్ చేసే ఐలా ద్వీపంలో ఎండ ఎక్కడిది? స్కాట్లండ్ పడమటి తీరంలో, అట్లాంటిక్ గాలికి ఎదురుగా ఉన్న ద్వీపం అది. చెట్లు కూడా తక్కువే. వాళ్ళకి దొరికిన వంటచెరకు పీట్. చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు వేల ఏళ్ళపాటు కుళ్ళీ కుళ్ళకుండా పేరుకుపోయిన నల్లమట్టి అది. ఏడాదికి మహా అయితే ఒక మిల్లీమీటరు మందం పెరుగుతుంది. దాన్ని ఇటుకల్లా కోసి, ఆరబెట్టి, పిడకలు పేర్చినట్టు పేర్చి దాచుకునేవారు. ఇల్లు వెచ్చబెట్టుకున్నది దాంతోనే, వంట చేసుకున్నది దాంతోనే, బార్లీ ఆరబెట్టిందీ దాంతోనే.

ఇది నాకు పుస్తకం చదివితే అర్థం కాలేదు, మా అమ్మమ్మ ఇంటి దాలి గుర్తొచ్చాక అర్థమైంది. పెరట్లో గుంటలో పిడకలు మంట లేకుండా సన్నగా రాజుకుంటూ ఉండేవి. పైన మట్టి కుండలో పాలు పొద్దున పెడితే సాయంత్రం దాకా కాగేవి. మీగడ ఎర్రగా, వేలు మందాన కట్టేది. ఆ పాలు తోడుపెడితే పెరుగులో, చిలికితే మజ్జిగలో, ఆఖరికి నేతిలో కూడా ఒక సన్నటి పొగ. పాలల్లో ఎవరూ పొగ కలపలేదు. ఉన్న వంటచెరకు అది, పాలకి పట్టిన వాసన అది. ఆ మజ్జిగతో పెరిగినవాళ్ళకి గ్యాస్ పొయ్యి మీద కాగిన పాలు చప్పగా ఉంటాయి. ఐలా వాళ్ళకి పొగలేని విస్కీ అలాగే ఉంటుంది.

పొగ సరే, డెట్టాల్ ఎందుకు? పీట్ కాలినప్పుడు వచ్చే పొగలో ఫినాల్స్ అనే రసాయనాల కుటుంబం ఉంటుంది. తడిగా ఉన్న గింజ వాటిని పట్టేసుకుంటుంది. అందులో గ్వాయకాల్ అనేది కట్టెల పొగ వాసన ఇస్తుంది. క్రిసాల్స్ మందుల వాసన ఇస్తాయి. మనం బాత్రూముల్లో పోసే నల్ల ఫినాయిల్‌లో ఉండేవి ఈ జాతివే. డెట్టాల్‌లో పనిచేసే మందు క్లోరోజైలినాల్, అదీ ఫినాల్ కుటుంబమే. అంటే మీ ముక్కు తప్పు చెప్పలేదు. చుట్టాన్ని చుట్టంగానే గుర్తుపట్టింది.

ఇంకో సంగతి. ఫినాల్‌కి పాత పేరు కార్బాలిక్ ఆమ్లం. గాయాలు చీము పట్టకుండా దాన్ని ఆపరేషన్లలో వాడటం మొదలుపెట్టినవాడు జోసెఫ్ లిస్టర్ అనే సర్జన్, 1865లో, ఇక్కడే గ్లాస్గో రాయల్ ఇన్‌ఫర్మరీలో. మనం ఆసుపత్రి వాసన అనేది అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. లఫ్రోయిగ్ డిస్టిలరీ పెట్టింది 1815లో. అంటే ఈ వాసన ఆసుపత్రికి చేరడానికి యాభై ఏళ్ళ ముందే విస్కీలో ఉంది. నా టేస్టింగులో ఎవరైనా ఇది ఆసుపత్రిలా ఉంది అంటే నేను ఈ సంగతే చెప్తాను. అది విన్నాక చాలామంది గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంటారు.

లఫ్రోయిగ్‌లో ఇప్పటికీ కొంత బార్లీని సొంతంగా నేల మీద పరిచి మొలకెత్తిస్తారు. మొదటిసారి వెళ్ళినప్పుడు బార్లీ ఆరబెట్టే బట్టీ పైగదిలోకి తీసుకెళ్ళారు. చిల్లుల నేల, మోకాలి కింద దాకా తడి బార్లీ, కింది నుంచి నీలంగా లేచే పొగ. కళ్ళు మండాయి. పొగ పట్టిన గింజలు నాలుగు చేతిలో పెట్టి నమలమన్నారు. ముందు అటుకుల్లా కరకర, తర్వాత తీపి, ఆ తర్వాత గొంతు దాకా పొగ. మీ బాటిల్లో రుచి కూడా సరిగ్గా ఇదే వరసలో వస్తుంది: తీపి ముందు, పొగ వెనక. మీరు ఐస్ వేయడం వల్ల ఆ తీపి దొరకలేదు.

ఇక పద్ధతికి వస్తాను.

గ్లాసు. ఇక్కడ బార్లలో గ్లెన్‌కెయిర్న్ అనే గ్లాసు వాడతాం, 2001లో వచ్చింది. అడుగు బొద్దుగా, మూతి సన్నగా ఉంటుంది. వాసన పైకి లేచి మూతి దగ్గర పోగవుతుంది. అది లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. వెడల్పు గ్లాసులో వాసన గదిలోకి పోతుంది, మీ ముక్కుకి ఆల్కహాల్ ఘాటు మిగులుతుంది. స్టీలు గ్లాసు వద్దు. పొయ్యబోయే ముందు ఖాళీ గ్లాసుని ఒకసారి వాసన చూడండి. సబ్బు వాసన, బీరువా వాసన, పాత పులుసు వాసన ఏదున్నా వేడినీళ్ళతో కడిగి గాలికి ఆరనివ్వండి. ఇది చిన్న విషయం అనుకోవద్దు. నేను మొదట పనిచేసిన చోట గ్లాసులు కడిగే మిషన్‌లో మందు ఎక్కువ వేసేవారు. ఒక సాయంత్రమంతా వచ్చిన అతిథులు పన్నెండు రకాల విస్కీల్లో ఒకటే నిమ్మకాయ వాసన చెప్పారు. అది విస్కీది కాదు, సబ్బుది.

గది. అగరొత్తి, దోమల చుట్ట, సెంటు, పక్కన వేగుతున్న చేప, ఇవేవీ ఉండకూడదు. జర్దా కిళ్ళీ వేసుకుని రెండు గంటలైనా గడవాలి. పచ్చి ఉల్లిపాయ, గోంగూర మాంసం తిన్న నోటికి విస్కీ రుచి అందదు. భోజనానికి ముందే మంచిది, అలాగని పరగడుపున వద్దు.

వేడి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ఇక్కడ గది వేడి అంటే ఇరవై డిగ్రీలు, చాలాసార్లు ఇంకా తక్కువ. మే నెలలో విజయవాడలో గది వేడి అంటే వేరే లెక్క. ముప్పై అయిదు దాటితే ఆల్కహాల్ ముందుగా లేచి ముక్కుని కొడుతుంది. ఏసీ గదిలో బాటిల్ని గంట ఉంచండి. ఏసీ లేకపోతే ఖాళీ గ్లాసుని ఫ్రిజ్‌లో అయిదు నిమిషాలు పెట్టి తీయండి. అంతకుమించి చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి. ఐస్ వద్దనడానికి కారణం కూడా అదే. చల్లబడితే తీపి, పండ్ల వాసనలు ముందు మాయమవుతాయి, చేదూ మసీ మిగులుతాయి. దానికి సోడా బుడగలు తోడైతే మీకు దొరికింది డెట్టాల్ నీళ్ళు. తప్పు మీది కాదు, ఆ మూడూ కలిస్తే ఎవరికైనా అంతే.

వాసన చూడటం. సగం పని, నన్నడిగితే సగం కంటే ఎక్కువ పని, ఇక్కడే ఉంది. గ్లాసులో ముక్కు దూర్చకండి. గడ్డం దగ్గర పట్టుకుని మెల్లగా పైకి తీసుకురండి. పెదాలు కాస్త తెరిచి ఉంచండి, ఘాటు తగ్గుతుంది. వైన్‌ని తిప్పినట్టు గ్లాసుని గిరగిరా తిప్పకండి, ఆల్కహాల్ లేస్తుంది. మొదటిసారి పొగ తప్ప ఏమీ తెలియదు. ఫరవాలేదు. గ్లాసు పక్కన పెట్టి మీ మోచేతి మడత దగ్గర చర్మాన్ని వాసన చూడండి, ముక్కు మామూలుకి వస్తుంది. రెండు నిమిషాలాగి మళ్ళీ చూడండి. ఇలా నాలుగైదుసార్లు.

ఎనిమిది, పది నిమిషాల దగ్గర ఒక మార్పు వస్తుంది. మనం కట్టెల పొయ్యి ఉన్న వంటింట్లోకి వెళ్తే ముందు పొగే తెలుస్తుంది. కాసేపు కూర్చుంటే పొగ సంగతి మర్చిపోయి పప్పులో ఇంగువ వాసన పసిగడతాం. ముక్కు ఒకే వాసనకి అలవాటు పడి దాన్ని పక్కన పెట్టేస్తుంది. లఫ్రోయిగ్‌లోనూ అంతే. పొగ వెనక్కి తగ్గాక నాకు దొరికేవి ఇవి: ముందు ఎండిన నాచు, ఉప్పుగాలి, నిజాంపట్నం రేవులో ఇసుక మీద ఎండబెట్టిన చేపల వాసన. దాని వెనక వెనిలా, కొంచెం కొబ్బరి. ఇవి పీపావి. అమెరికాలో బూర్బన్ అనే వాళ్ళ విస్కీకి కొత్త ఓక్ పీపాలే వాడాలని చట్టం ఉంది కాబట్టి, ఒకసారి వాడినవి ఇక్కడికి వస్తాయి. మీ బాటిల్ పెరిగింది అలాంటి పీపాల్లోనే. అన్నిటికంటే అడుగున నిమ్మతొక్క, పాకం పట్టిన బెల్లం. ఆ బెల్లం దొరికిన రోజు మీరు ఈ బాటిల్ని ఎవరికీ ఇవ్వరు.

పేర్లు మీవే పెట్టుకోండి. బాటిల్ మీద, రివ్యూల్లో రాసే మాటలు వాళ్ళ ఊరి జ్ఞాపకాలు. వాన పడిన హీదర్ పొదల కొండ ఎలా ఉంటుందో మీకు తెలియాల్సిన పనిలేదు. మీకు సాంబ్రాణి తెలుసు, కాల్చిన తేగ తెలుసు, నిప్పుల మీద కాల్చిన వంకాయ తొక్క తెలుసు, కొత్తగా వేసిన తారు రోడ్డు తెలుసు. విశాఖపట్నం నుంచి ఒక దంపతులు వచ్చారు ఒకసారి. ఆవిడ మద్యం ముట్టరు, భర్త కోసం కూర్చున్నారు. ఊరికే వాసన చూస్తారా అని గ్లాసు ఇచ్చాను. ఆయన పొగ, పొగ అంటూ ఉండిపోయారు. ఆవిడ కళ్ళు మూసుకుని, "వేయించిన ఎండు రొయ్యలు, నిమ్మకాయ ఊరగాయ జాడీ మూత తీసినప్పటి వాసన, పాత చెక్కపెట్టె" అన్నారు. నేను నోట్సు పుస్తకంలో అలాగే రాసుకున్నాను. పన్నెండేళ్ళలో లఫ్రోయిగ్ గురించి అంత దగ్గరగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. రోజూ పోపులు పెట్టే ముక్కు అది. చుక్క తాగకుండానే మొత్తం పట్టేసింది.

మొదటి గుటక లెక్కలోకి రాదు. అది నోటికి ఆల్కహాల్ని పరిచయం చేయడానికే. పావు చెంచాడు తీసుకుని నాలుక మీద తిప్పి మింగేయండి. నిమిషం ఆగి రెండో గుటక చెంచాడు తీసుకోండి. నాలుక మీద, చిగుళ్ళ మీద, అంగిట్లో పది లెక్కపెట్టేదాకా తిప్పండి. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. అసలు రుచి అప్పుడు తెలుస్తుంది. నాలుకకి తెలిసేవి తీపి, ఉప్పు, పులుపు, చేదులాంటి నాలుగైదే. మిగతాదంతా గొంతు వెనక నుంచి ముక్కుకి చేరే వాసన. లఫ్రోయిగ్‌లో మొదట బార్లీ తీపి, దాని మీద ఉప్పదనం, మింగాక బూడిద, ఆరిపోయిన పొయ్యి వాసన. ఆ ఆఖరిది ఎంతసేపు నిలుస్తుందో గడియారం చూడండి. మూడు నాలుగు నిమిషాలు ఉంటే ఆశ్చర్యపోకండి.

నీళ్ళు. నీళ్ళు కలిపితే విస్కీని అవమానించినట్టు అని కొందరు చెప్తారు. ఇక్కడ విస్కీ తయారుచేసేవాళ్ళే నీళ్ళు కలిపి వాసన చూస్తారు. బ్లెండర్లు, అంటే రకరకాల విస్కీలు కలిపి రుచి కుదిర్చేవాళ్ళు, ఆల్కహాల్ ఇరవై శాతానికి వచ్చేదాకా పలచన చేస్తారు. దీనికి కారణం కూడా తెలిసింది. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు ఇద్దరు కంప్యూటర్ మీద ఈ సంగతి పరిశీలించారు. ఇందాక చెప్పిన గ్వాయకాల్, అదే పొగ వాసన ఇచ్చేది, ఆల్కహాల్ 45 శాతం లోపు ఉన్నప్పుడు ద్రవం పైపొరకి చేరుతుంది. 59 శాతం పైన ఉంటే ఆల్కహాల్ దాన్ని చుట్టుముట్టి లోపలే ఉంచేస్తుంది. పైపొరలో ఉన్నదే కదా మన ముక్కుకి అందేది.

లెక్క చెప్పాలంటే, 43 శాతం విస్కీ 30 మి.లీ.కి ఒక టీ చెంచా, అంటే 5 మి.లీ., నీళ్ళు కలిపితే 37 శాతం దగ్గరికి వస్తుంది. ఇంకో అరచెంచా వేస్తే 34 శాతం. నాకు లఫ్రోయిగ్ ఈ రెండింటి మధ్య బాగుంటుంది. ఒకేసారి పొయ్యకండి, అరచెంచా చొప్పున వేసి ప్రతిసారీ వాసన చూడండి. ఎక్కడో ఒకచోట గబుక్కున పండు వాసన వస్తుంది, అక్కడ ఆపండి. దాటితే వెనక్కి రాదు. నీళ్ళు మటుకు వాసన లేనివి కావాలి. క్లోరిన్ వాసన కొట్టే కుళాయి నీళ్ళు పోస్తే ఉన్న మందుల వాసన రెట్టింపవుతుంది. కాచి చల్లార్చినవో, ఫిల్టర్ నీళ్ళో వాడండి.

ఒక సాయంత్రం ఒక్క పొగ విస్కీయే రుచి చూడండి. రెండు మూడు రకాలుంటే పొగ ఉన్నది ఆఖరున. కొత్తలో ఒక టేస్టింగులో నేను లఫ్రోయిగ్ ముందు పోసి, తర్వాత స్పేసైడ్ అనే స్కాట్లండ్ ప్రాంతం నుంచి వచ్చిన మెత్తటి విస్కీ పోశాను. పదిమందిలో ఒక్కరికీ రెండోదాని రుచి తెలియలేదు. ఆ సాయంత్రం డబ్బు కట్టి వచ్చినవాళ్ళకి నేను న్యాయం చెయ్యలేకపోయాను. ఇప్పుడు పోసే ముందు వరస రెండుసార్లు చూసుకుంటాను.

తోడుగా ఏం తినాలి అన్నారు కదా. టేస్టింగ్ జరుగుతున్నప్పుడు ఏమీ వద్దు, నీళ్ళు తప్ప. అయ్యాక అయితే, ఐలాలో ఆల్చిప్పల మీద నాలుగు చుక్కలు పోసుకుని తింటారు, ఇక్కడ నీలిచార ఛీజ్‌తో తింటారు. మన ఇంట్లో నేను చేసి చూసినవాటిలో తాటిబెల్లం ముక్క అన్నిటికంటే బాగా కుదిరింది. తర్వాత ఉప్పు తక్కువేసి వేయించిన జీడిపప్పు, కారం బాగా తగ్గించిన రొయ్యల వేపుడు. మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు. కారం, ఆల్కహాల్ రెండూ నాలుకని మంటపెట్టేవే, ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

ఇప్పుడు మీరు రాసిన ఇంకో మాట. ఎవరో మీకు పీపీఎం ఎక్కువుంటే గొప్ప విస్కీ అని చెప్పారట. అది నమ్మకండి. పీపీఎం అంటే పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులు ఫినాల్స్ ఉన్నాయనే లెక్క. అది కొలిచేది బార్లీ గింజలో, బాటిల్లో కాదు. లఫ్రోయిగ్ బార్లీలో సుమారు 40-45, ఆర్డ్‌బెగ్‌లో 55, బౌమోర్‌లో 25. ఇవన్నీ ఐలా విస్కీలే. ఆక్టోమోర్ అని ఒకటుంది, అందులో ఒక విడుదల 309 దాకా వెళ్ళింది. కానీ ఉడకబెట్టి, పులియబెట్టి, రెండుసార్లు బట్టీ పట్టేసరికి అందులో చాలా భాగం పోతుంది. ఎంత మిగలాలో బట్టీ దగ్గరున్న మనిషి చేతిలో ఉంటుంది. పొగ భాగం బట్టీ చివరి వంతులో ఎక్కువ దిగుతుంది. కాబట్టి ఆయన ఎప్పుడు ఆపితే అంత పొగ. అదే ద్వీపంలోని లగవూలిన్, కల్ ఈలా రెండూ ఒకే చోట పొగబెట్టిన బార్లీ వాడతాయి, రెండింటి అంకె సుమారు 35. తాగి చూస్తే లగవూలిన్ బరువుగా, ఎండుద్రాక్ష, కాచిన డికాక్షన్‌లా ఉంటుంది. కల్ ఈలా తేలిగ్గా, నిమ్మరసం పిండిన కాల్చిన చేపలా ఉంటుంది. పాత్రల ఆకారం, వాటిని ఎంతదాకా నింపుతారు, ఎంత నిదానంగా కాస్తారు, తేడా అంతా అక్కడ వచ్చింది.

వయసు గురించీ ఇలాంటి అపోహే. ఏళ్ళు పెరిగితే పొగ పెరగదు, తగ్గుతుంది. పొగ కావాలంటే పదేళ్ళ లోపువి. పాతికేళ్ళవాటిలో పొగ సన్నబడి పండ్ల రుచులు పైకి వస్తాయి. మీ దగ్గరున్న 10 ఏళ్ళ బాటిల్ నా దృష్టిలో లఫ్రోయిగ్ అసలు ముఖం. దానికి రెండింతలు పెట్టి కొన్న బాటిళ్ళు నా షెల్ఫులో ఉన్నాయి, సెలవు రోజున నా చెయ్యి దీని మీదికే పోతుంది.

మీ నలుగురిలో ఎవరికైనా ఇది మరీ ఎక్కువనిపిస్తే, మెట్టు మెట్టుగా రండి. మీరు మామూలుగా తాగే బ్లాక్ లేబుల్‌లో కూడా కల్ ఈలా ఉంది. దాన్ని ఈసారి సోడా లేకుండా రెండు చెంచాల నీళ్ళతో తాగి, ఆఖర్న గొంతులో వచ్చే సన్నటి పొగని వెతకండి. అది దొరికితే తర్వాత బౌమోర్ 12. తర్వాత స్కై ద్వీపం నుంచి వచ్చే టాలిస్కర్ 10, అందులో పొగతో పాటు మిరియాల ఘాటు ఉంటుంది, మన నాలుకకి త్వరగా నచ్చుతుంది. ఆ తర్వాత కల్ ఈలా 12, లగవూలిన్ 16. అప్పుడు లఫ్రోయిగ్ తీయండి. మీకు వరస తిరగబడింది, అంతకు మించి ఏమీ లేదు.

మన దేశంలో చేసినవీ ఉన్నాయి. బెంగళూరులో అమృత్ వాళ్ళు స్కాట్లండ్‌లో పొగబెట్టిన బార్లీ తెప్పించుకుని చేస్తారు. గోవాలో పాల్ జాన్ వాళ్ళు పీట్‌నే తెప్పించి మన బార్లీకి పొగ పెడతారు. స్కాట్లండ్‌లో పీపాలోంచి ఏడాదికి రెండు శాతం దాకా ఆవిరైపోతే, బెంగళూరు వేడికి పది శాతం పైనే పోతుంది. అందుకే నాలుగైదేళ్ళకే చిక్కబడుతుంది. అమృత్ సింగిల్ మాల్ట్‌ని (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే చేసే విస్కీ) 2004లో మొదట విడుదల చేసింది ఇక్కడే, గ్లాస్గోలోనే. ఇప్పుడు మా బార్‌లో అమృత్ పీటెడ్ ఉంది. పేరు చెప్పకుండా పోసి, స్కాట్లండ్ వాళ్ళు మెచ్చుకున్నాక ఊరి పేరు చెప్పడం నాకు చాలా ఇష్టమైన పని.

బాటిల్ సంగతి. నిలబెట్టే ఉంచండి, పడుకోబెట్టకండి. వైన్‌కి పడుకోబెడతారు, విస్కీకి అలా చేస్తే ఘాటు ఆల్కహాల్ కార్క్‌ని తినేస్తుంది. ఎండ తగలని చోట, పొయ్యికి దూరంగా ఉంచండి. బాటిల్లో విస్కీ వయసు పెరగదు, దాచినంత మాత్రాన మెరుగవదు. ముప్పావు నిండి ఉన్నంతకాలం ఏడాదైనా ఫరవాలేదు. సగం కిందికి వచ్చాక గాలి ఎక్కువై పొగ మెల్లగా చప్పబడుతుంది. అప్పుడు చిన్న సీసాలోకి మార్చుకోండి, లేదా ఆర్నెల్లలో ముగించండి. నకిలీ అనే టెన్షన్ వద్దు, డ్యూటీ ఫ్రీ సరుకు, సీలు మీ ముందే తీశారు, వాసన కూడా ఉండాల్సినట్టే ఉంది.

పరిమాణం మాట ఒకటి. ఈ పద్ధతిలో 30 మి.లీ. నలభై నిమిషాలు వస్తుంది. రెండోది పోసుకుంటే రుచి తెలియదు, ముక్కు అలిసిపోతుంది. తాగాక బండి తీయకండి. ఇక్కడ డిస్టిలరీల్లో డ్రైవ్ చేసేవాళ్ళకి వాళ్ళ వంతు చిన్న సీసాలో పోసి ఇంటికి ఇచ్చి పంపుతారు, మీరూ మీ స్నేహితులకి అలాగే చెయ్యండి. మద్యం అలవాటు లేనివాళ్ళని ఇది గొప్పదని చెప్పి మొదలుపెట్టించొద్దు. వాళ్ళకి గ్లాసు వాసన చాలు, విశాఖ ఆవిడకి చాలినట్టు.

మూడు వేర్వేరు రోజుల్లో ఇలా ప్రయత్నించి, అప్పటికీ నచ్చకపోతే వదిలెయ్యండి. కాకరకాయ అందరికీ ఎక్కదు. ఖరీదైనది కాబట్టి మెచ్చుకోవాలని ఎవరూ రాసిపెట్టలేదు. నచ్చినవాళ్ళకి ఇచ్చేస్తే బాటిల్ సంతోషంగా ఖాళీ అవుతుంది.

ఈ వారం ప్రయత్నిస్తే చివర్లో ఒక పని చెయ్యండి. తాగడం అయ్యాక గ్లాసు కడగకండి. మీద ఏమీ మూయకుండా బల్ల మీద వదిలేసి పడుకోండి. పొద్దున కాఫీ కంటే ముందు, పళ్ళు తోముకోకముందే, ఆ ఎండిన గ్లాసుని వాసన చూడండి. రాత్రికి ఆల్కహాల్ మొత్తం పోయి ఉంటుంది. అడుగున మిగిలేది పొగ, బూడిద, పీపా చెక్క మాత్రమే. నాకు అందులో ప్రతిసారీ అమ్మమ్మ దాలి కుండే దొరుకుతుంది. మీకేం దొరికిందో ఇక్కడ రాయండి.